ఆయాసాన్ని నీరసం ఖాతాలో వేయొద్దు

కాన్సర్ మనిషికి ఆయాసం వస్తే ఇంట్లోవాళ్ల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: "కీమో ఎక్కుతోంది కదా, ఆ మాత్రం నీరసం ఉంటుంది." వార్డులో అయితే రక్తం తక్కువైందనో, నిమ్ము చేసిందనో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు పట్టిందనో అంటారు. చాలాసార్లు అవే నిజం. అవేవీ కాకుండా, ఎక్స్‌రే బాగుండి, ఆక్సిజన్ మాత్రం పడిపోతుంటే?

కడుపు, రొమ్ము, కాలేయం, మూత్రపిండాల కాన్సర్లలో ఒక్కోసారి కణాలు గుంపులుగా ఊడి సిరల్లో పడతాయి. ఒంట్లోని సిరల రక్తమంతా గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లాల్సిందే. అక్కడి సన్నని ధమనుల్లో ఈ గుంపులు ఇరుక్కుంటాయి. కొన్ని అంతటితో ఆగవు. చుట్టూ రక్తాన్ని గడ్డకట్టించి, నాళం లోపలి పొరను మందం చేస్తాయి. దారి మూసుకుపోయేకొద్దీ గుండె కుడి గదికి భారం పెరుగుతుంది. కొద్ది రోజుల్లోనో వారాల్లోనో అది చేతులెత్తేస్తుంది. ఇలా రక్తాన్ని గడ్డకట్టించే ఈ రెండో రకాన్ని 1990లో జర్మన్ వైద్యులు వివరించారు. కాన్సర్‌తో పోయిన 630 మందికి జరిగిన శవపరీక్షల్లో 21 మందిలో అది కనబడింది. ఇప్పటికీ చాలామందిలో ఇది చనిపోయాకే బయటపడుతుంది.

కారణం, మనం సీటీ రిపోర్టునే తుది తీర్పుగా తీసుకోవడం. పెద్ద నాళంలోని రక్తపు గడ్డను సీటీ పట్టేస్తుంది. ఈ కణాలు చాలావరకు దాని చూపుకు అందనంత సన్నని నాళాల్లో ఉంటాయి. "గడ్డలేవీ లేవు" అన్న రిపోర్టు అబద్ధం కాదు, కానీ అక్కడితో వెతకడం ఆపేయడం తప్పు. గుండె కుడివైపు ఒత్తిడి పెరిగిందేమో ఎకో చెబుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి అందుతున్నాయో చూసే స్కాన్ మరికొంత చెబుతుంది.

తెలిసి ఏం లాభం, ఎలాగూ బతకరు కదా అనే వైద్యులున్నారు. నేనొప్పుకోను. మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా కీమోకు బాగా లొంగుతుంది. మూత్రపిండం నుంచి పెద్ద సిరలోకి పాకిన కణితిని కొందరిలో ఆపరేషన్‌తో తీయగలుగుతున్నారు. మిగతావారిలో ఆశ తక్కువే. అయినా, అడ్డుపడింది కాన్సర్ కణాలని తెలిస్తే, రక్తం పలచబరిచే మందులతోనే అంతా తేలిపోతుందని ఎదురుచూడరు. కాన్సర్‌కే ఇంకేదైనా వైద్యం చేయాలా, తక్కువ మోతాదు మార్ఫిన్‌తో ఆయాసం తగ్గించి ఊరటనివ్వాలా అన్నది సమయం మించకముందే మాట్లాడుకోవచ్చు.

కాబట్టి రోగి పక్కన కూర్చునేవాళ్లు మొహమాటపడకుండా అడగాలి: "సీటీ బాగుందన్నారు, ఆయాసం తగ్గలేదు. ఎకో ఎప్పుడు చేస్తారండీ?"