వరిచేలకు గట్టి కాపు కావాలి

కోనసీమలోని ఎదుర్లంక రేవులో పంటు కోసం పడిగాపులు కాసిన రోజులు పోయాయి. గోదావరి పాయ గౌతమిపై వారధి లేచింది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216వ నంబరు జాతీయ రహదారి అమలాపురం, రాజోలు ప్రాంతాల దశ తిప్పింది. కొబ్బరి లోడుకు, కాలేజీ పిల్లలకు, పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిన రోగికి అది గొప్ప మేలు. ఆ రోడ్డు మీదే ఐసు లారీలూ వచ్చాయి. వాటి వెనకే వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి.

రొయ్యా రైతు పంటే. దానితో నిలదొక్కుకున్న కుటుంబాలెన్నో ఉన్నాయి. కానీ ఒకరి లాభం పొరుగువాడి చేనును చంపకూడదు. ఊటనీటిని మళ్లించే బోదె తీయకుండా తవ్విన చెరువు పక్కన ఉప్పునీరు చేలోకి దిగుతుంది. గట్టు వారన దుబ్బులు ఎర్రబారతాయి, కంకి తాలుపోతుంది. కొబ్బరి మట్టలు పసుపెక్కి పిందె రాలుతుంది. వరుసగా రెండు పంటలు పోయిన రైతు గత్యంతరం లేక తన చేనునూ చెరువుకు కౌలుకిస్తాడు. ఇక ఆ పక్క చేను వంతు.

చెరువుల మురుగంతా డ్రెయిన్లలోకే. పూడిక, గుర్రపుడెక్కతో అవి అప్పటికే నిండి ఉంటాయి. నీరు లాగక చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి చెప్పిన కారణాల్లో ముంపు ఒకటి. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే ఆదేశించింది. 2020లో రాష్ట్రం ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థకు చట్టం చేసింది. కొరవడింది అమలే.

నిఘా లోపిస్తే మూల్యం ఎంతో మామిడికుదురు మండలంలోని నగరం గ్రామానికి తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైన్ పేలి అక్కడ ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఉప్పు అలా ఒక్కసారిగా పేలదు. ఏటా కాస్త చొప్పున నేలను, తాగునీటిని తినేస్తుంది. అందుకే అధికారులకు అది పట్టడం లేదు.

కాలువ ఆయకట్టులో కొత్త చెరువుకు ఒక్క అనుమతీ ఇవ్వకూడదు. అనుమతి లేనివాటి కరెంటు కనెక్షన్లు తొలగించి గట్లు తెగ్గొట్టాలి. ఉప్పునీటి బోర్లు మూయించాలి. తొలకరికి ముందే డ్రెయిన్ల పూడిక తీయాలి. మిగతాచోట్ల చెరువు తవ్వాలంటే పొరుగు రైతు సమ్మతిని గ్రామసభలో బహిరంగంగా తీసుకోవాలి. జిల్లా కలెక్టరు ఈ సీజన్‌లోనే ఊరూరా సర్వే జరిపి, అక్రమ చెరువుల జాబితాను పంచాయతీ గోడలపై అతికించాలి.