దారం మార్చేటప్పుడు



గడ్డి కోసే మిషను ఇప్పుడు పల్లెల్లోనూ కనబడుతోంది. దానికి బ్లేడుకు బదులు నైలాన్ దారం బిగించి పెరళ్ళు, గట్లు శుభ్రం చేస్తున్నారు. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జి బల్లాస్ అనే ఆయన, కార్లు కడిగేచోట గిరగిర తిరిగే బ్రష్షులను చూసి, ఖాళీ పేలాల డబ్బాకు గాలపు దారం కట్టి ఈ పద్ధతి కనిపెట్టాడు.

దారం అరగడం సహజం. మార్చేముందు ఇంజను ఆపి, ప్లగ్గు క్యాపు ఊడదీయండి. రీలులోని పాత దారం తీసి మట్టి తుడవండి. అంతే మందంగల కొత్త దారాన్ని మధ్యకు మడిచి, ఆ మడతను రీలు నడుమనున్న గాడిలో ఇరికించండి. బాణం గుర్తు చూపే వైపుకే, చిక్కుపడకుండా బిగువుగా చుట్టండి. రెండు కొసలను ఎదురెదురు రంధ్రాల గుండా బయటికి లాగి మూత బిగించండి. మిషను రకాన్నిబట్టి కొద్ది తేడాలుంటాయి గనుక దానితో వచ్చిన పుస్తకం చూసుకోండి.

దారం అయిపోయిందని కొందరు ఇనుప తీగనో, బ్రేకు తీగనో కడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఇనుప తీగ రాతికి తగిలి తెగితే ఆ ముక్క తూటావలె దూసుకుపోతుంది. పది రూపాయలు మిగుల్చుకోబోయి పక్కింటి పిల్లవాని కన్ను పోగొడితే, ఏ ధనమిచ్చి తిరిగి తేగలము?

నైలాన్ దారమైనా రాళ్ళు ఎగరగొడుతుంది. కనుక రక్షణ రేకు తీయవద్దు; పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి. కూలికి వచ్చినవానిచేత కోయిస్తే, అతనికి కళ్ళద్దాలు, బూట్లు ఇవ్వడం మన బాధ్యత. అతని ఇంట్లోనూ ఎదురుచూసే పిల్లలుంటారు.