రోగి ఇంటికొచ్చాడు, ముప్పు ఆసుపత్రిలో ఆగిపోలేదు

పక్షవాతం వచ్చినవాళ్లను, తుంటి ఎముక విరిగి ఆపరేషనైన వాళ్లను ఇంటికి తెచ్చి, ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టి చూసుకోవడం ఇప్పుడు మన నగరాల్లో మామూలైపోయింది. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. నెలనెలా డబ్బు పంపుతారు, వీడియో కాల్‌లో నాన్న ముఖం చూసి ఊరట పడతారు. ఆ ఊరటను నమ్ముకోవద్దనే ఈ హెచ్చరిక.

కెనడాలో మానిటోబా, క్యుబెక్, నోవా స్కోషియాల్లో ప్రభుత్వ ఖర్చుతో ఇంట్లో సేవలు పొందిన 1,200 మంది రికార్డులను పరిశోధకులు తిరగేశారు. 2013లో బయటపెట్టిన లెక్క ప్రకారం, ఏడాదికి నూటికి పదిమందికి ఆ సేవల్లోనే ఏదో ఒక హాని జరుగుతోంది. అందులో 56 శాతం తప్పించగలిగినవే. పడి దెబ్బలు తగలడం, గాయాలు చీము పట్టడం, మందుల పొరపాట్లు ముందు వరుసలో ఉన్నాయి. తప్పంతా సిబ్బందిదే అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: రోగి సొంత నిర్ణయాలు దాదాపు సగం ఘటనల్లో, ఇంటివాళ్ల చేతలు ఐదింట ఒకదానిలో కారణాలుగా తేలాయి. రికార్డులు పద్ధతిగా రాసే దేశంలో సంగతి ఇది. మన ఇళ్లలో రాసేదెవరు?

ఇన్సులిన్ సంగతే చూడండి. మన మందుల షాపుల్లో రెండు బలాల సీసాలు దొరుకుతాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకొకటి. దేని సిరంజి దానిదే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. వంద యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది పది కాదు, పాతిక. రాత్రి షుగర్ పడిపోతుంది. పెద్దాయన పలకకపోతే "నిద్రపోతున్నారులే" అని వదిలేస్తాం. సీసా మార్చిన షాపతనూ చెప్పడు, డ్యూటీ మారి వచ్చిన కొత్త మనిషీ అడగదు. ఆసుపత్రిలో అయితే రెండో నర్సు కళ్లు ఉంటాయి, కేస్ షీటు ఉంటుంది. ఇంట్లో ఆ రెండో కళ్లు మనవే కావాలి.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోసేటప్పుడు మనిషిని వెల్లకిలా పడుకోబెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల వైపు ఎత్తుగా పెట్టాలి, పోశాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. ఆక్సిజన్ మిషన్ నడుస్తున్న గదిలో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ వద్దు. పక్కనే దేవుడి గూడు ఉంటే మంచాన్నైనా జరపండి, గూటినైనా మార్చండి. దేవుడేమీ అనుకోడు.

అసలు చిక్కు వచ్చే మనిషి దగ్గర ఉంది. "నర్సును పంపుతాం" అని చెప్పి అటెండర్‌ను పంపే ఏజెన్సీలున్నాయి. ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు. పగలూ రాత్రీ ఒకే డ్యూటీ చేయించి, గొట్టాలూ సూదులూ ఆమె చేతిలో పెట్టిన వాళ్లను నిలదీయాలి. ఇంజెక్షన్ చేయాలన్నా, యూరిన్ పైపు మార్చాలన్నా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే చేయాలి. నంబరు అడగండి. చెప్పడానికి నసిగితే ఆ ఏజెన్సీ వద్దు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇంటి వైద్యసేవల ఏజెన్సీలన్నిటికీ లైసెన్సు తప్పనిసరి చేయాలి. ఇంట్లో రోగి పడిపోయినా, మందు తప్పినా, పుండు పడినా జిల్లా వైద్యాధికారికి తెలపాలన్న నిబంధన పెట్టాలి. లెక్క రాయని హానిని ఏ శాఖా తగ్గించలేదు.

అవి వచ్చేదాకా ఆగకండి. ఈ రాత్రే డిశ్చార్జి కాగితంలోని మందుల జాబితాను డబ్బాలోని మందులతో ఒక్కొక్కటిగా సరిచూడండి, సిరంజి మూత రంగు చూడండి, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా లైటు వెలిగేలా చూడండి. పిలిచినా రోగి పలకకపోతే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి.