మిద్దె మీద తోట సరే, మన్ను మోసిందెవరు?

మొన్న ఆదివారం మా కొంపల్లి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మిద్దెతోట పెడదామంటే అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే ఒకాయన లేచి, "మట్టి బస్తాలు లిఫ్ట్‌లో వద్దు, కూలోళ్ళు మెట్లెక్కి తెస్తరు" అన్నాడు. ఐదంతస్తులు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. ఆ మౌనం గురించే ఈ పోస్టు.

మన నగరానికి మిద్దెతోట కొత్తది కాదు. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, భాగ్యనగరంలోని కుతుబ్‌షాహీ మహల్‌లో పైకప్పుల మీద తోటలు చూశాడు. అంత పెద్ద చెట్ల బరువును కింది కమానులు ఎట్లా ఆపుతున్నాయా అని ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. కమానుల బలం సరే, ఆ మన్ను పైకి మోసిన మెడల బలం సంగతేంది?

ఆ కాలంలో నీళ్ళను ఎత్తుకు ఎట్లా చేర్చేవాళ్ళో గోల్కొండ కోటలో చూడొచ్చు. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీళ్ళను చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అంచెలంచెలుగా తోడిపోసేవాళ్ళు. గోడల్లో మట్టి గొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తెలివికి గర్వపడదాం. కానీ చక్రం తనంతట తాను తిరగదు కదా!

నేను క్లాసులో ప్రబంధాలు చెప్తాను. అష్టాదశ వర్ణనల్లో ఉద్యానవనం ఒకటి. అక్కడ పూలు కోసే చెలికత్తెలు కనిపిస్తారు. పాదులు తవ్వేవాళ్ళ కోసం వెతకాల్సిందే.

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము కాడ నీళ్ళు వదిలే నీరటి పని ఎక్కువగా మనవాళ్ళదే. ఊరి పొలాలన్నీ తడిపినోడికి ఊరి బాయిల చేద వేసే హక్కు ఉండేది కాదు. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో దోసిలి ముంచింది ఈ అన్యాయం మీదనే.

"ఇందులో కులమెక్కడిది సార్, శుభ్రత గురించే కదా" అంటారు. మరి అదే మట్టి ప్యాకెట్టుగా ఓనరు చేతిలో వస్తే లిఫ్ట్ ఎందుకు మైలపడదు? మట్టి రాలితే ఊడ్చుకోవచ్చు. మోకాళ్ళు అరిగితే ఎవరిస్తారు?

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగ్ ఉంది. ఈసారి నేను లేస్తాను. బస్తా లిఫ్ట్‌లోనే పోవాలి. మోసే మనిషి కూడా. దీనికి ఒప్పుకోకపోతే ఆ తోటకు నా వాటా పైసలు ఇవ్వను.

మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎవరికి? కామెంట్లో రాయండి.

జై భీమ్.