బారు బిల్లు చెల్లించునది ఎవరు?

బారునకు పోవువాని కష్టసుఖములను గూర్చి మన ప్రాంతమున మాటలాడని దినము లేదు. సీసా చల్లగా ఇచ్చిరా? అడిగిన బ్రాండు దొరికినదా? ముద్రించిన ధరకంటె పది రూపాయలు ఎక్కువ గుంజిరా? తిరుపతిలో టీ అంగడి యొద్ద నిలిచినను, చిత్తూరు బస్టాండులో బెంచీమీద కూర్చొన్నను ఈ సంభాషణ మన చెవిని పడుచునే యుండును. వీధిలోని మాట శాసనసభలోనికి ఎక్కినది. ఎన్నికల వాగ్దానములలోనికిని ఎక్కినది. తాగువానికి న్యాయము చేయుదుమని పార్టీలు పోటీపడినవి.

ప్రియ చదువరులారా, నా వాదము ఒక్కటే. బల్ల దగ్గర కూర్చొన్నవానిని మాత్రమే మనము గిరాకీ అని పిలుచుచున్నాము. బిల్లు చెల్లించునది వేరొకరు. ఆమె ఆ గడప తొక్కలేదు, ఆ కుర్చీలో కూర్చొనలేదు. సరకు ఎట్లున్నదమ్మా అని ఆమెను అడిగినవారు లేరు.

ముందు తాగువాని పక్షము న్యాయముగా చెప్పుదును. ఒక బేల్దారి నాతో ఇట్లనెను: "అయ్యగారూ, పొద్దంతా ఒరేయ్ అనిపించుకుంటా. ఆడికి పోతే 'రా అన్నా, కూచో' అంటారు. ఫ్యాను కింద కుర్చీ ఏస్తారు. చెనిక్కాయలు తెచ్చి ముందర పెడతారు. నా పేరు తెలుసు వాళ్లకి." ఈ మాటను నేను పరిహాసము చేయను. సిమెంటు మూటలు మోసినవానికి నీడలో ఒక కుర్చీ, పేరుపెట్టి పిలుచు ఒక గొంతు కావలెను. మన మందిరములలో ముందటి కుర్చీలు ఎవరికి వేయుచున్నామో, ఆ బేల్దారి వచ్చినయెడల చాపమీద ఏ మూల కూర్చుండునో మనకు తెలియును. బారువాడు మనకంటె మర్యాదస్థుడని అతడు అనుకొన్నయెడల ఆశ్చర్యమేమి?

అయితే ఆ మర్యాదకు వెల యున్నది. దానిని లెక్క కట్టుదము.

2024 అక్టోబరు 16వ తేదీన మన రాష్ట్రములో ప్రైవేటు మద్యపు దుకాణములు మరల తెరచిరి. అవి 3,396. పేదవానికి అందుబాటులో ఉండవలెనని 180 మిల్లీలీటర్ల క్వార్టరును 99 రూపాయలకు అమ్మించుట ఆ విధానములో ఒక ఘనకార్యముగా చాటిరి. ఆ సంవత్సరమే ఉపాధి హామీ పనికి మన రాష్ట్రమునకు నిర్ణయించిన దినకూలి 300 రూపాయలు. అనగా మూడింట ఒక పాలు. దినమున కొక్క క్వార్టరైనను నెలకు 2,970 రూపాయలు. బారులో కూర్చొన్నయెడల వెల ఇంకను హెచ్చు. నంజుకొనుటకు పకోడీ, నీళ్ల సీసా, సర్వరు చేతిలో పెట్టునది వేరు. ఇక భర్త కాలేయము చెడి చనిపోయిన తరువాత ఆ యిల్లాలికి ప్రభుత్వము ఇచ్చు వితంతు పింఛను 2024 నుండి నెలకు 4,000. ఆయన బ్రదికియుండగా ఆమె ఏ లెక్కలోను లేదు. ఆయన పోయిన తరువాతనే ఆమె పేరు పుస్తకములోని కెక్కినది. ఆ పింఛనులో కొంత మద్యపు రాబడి కాదా? తీసికొన్నది ఆమె యింటి నుండి, ఇచ్చుచున్నది ఆమెకే. దీనికి సంక్షేమమని పేరు!

దుకాణముల కొరకు ఆనాడు వచ్చిన దరఖాస్తులు సుమారు 90 వేలు. ఒక్కొక్కదానికి రెండు లక్షల రూపాయలు, తిరిగి రాని సొమ్ము. చీటీ తగులునో తగులదో తెలియకయే రెండు లక్షలు వదలుకొనుటకు ఇన్ని వేల దరఖాస్తులు ఎందుకు పడినవి? ఆ రొక్కము మరల ఎక్కడనుండి రాబట్టుకొందురో వారికి బాగుగా తెలియును.

దీనికి ముందటి కాలము మేలైనదని నేను చెప్పుట లేదు. 2019 అక్టోబరు 1 నుండి ప్రభుత్వమే దుకాణములు నడిపెను. 4,380 దుకాణములను 3,500కు తగ్గించిరి, కూర్చొని తాగు పర్మిట్ గదులను మూసిరి. అంతవరకు మంచిదే. కాని దశలవారీగా నిషేధము తెత్తుమన్నవారు ధర పెంచి రాబడి పెంచుకొనిరి. తాగువాడు మానలేదు, ఇంటిలో ఇచ్చు పాలు తగ్గించెను. పలమనేరు, కుప్పము దారులలో కర్ణాటక సరకు దొంగచాటున వచ్చెను. 2020 జూలై నెలాఖరున ప్రకాశము జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయిరి. చేతులు కడుగుకొను మందును కడుపులో పోసికొనిరి.

"అందుకే గదా, మంచి సరకు చౌకగా ఇయ్యవలెను" అని మీరందురు. మంచిది. 2025 అక్టోబరులో, వెనుక మన చిత్తూరు జిల్లాలోనే యుండిన ములకలచెరువులో కల్తీ మద్యము తయారుచేయు కర్మాగారమే బయటపడెను. అప్పటినుండి సీసామీది ముద్రను ఫోనుతో పరీక్షించుకొను ఏర్పాటు చేసిరి. గిరాకీ క్షేమము నిమిత్తము ఎంత జాగ్రత్త! అసలు సరకు అని ఫోను చెప్పిన తరువాత అతడు నిశ్చింతగా తాగి ఇంటికి పోవును. ఆ అసలు సరకు ఇంటిలో ఏమి చేసినదో పరీక్షించు ఫోను ఏది?

ఇంకొక మాట అందురు: "నిషేధము పెట్టి చూడలేదా? నిలిచినదా?" ఈ విషయములో మన చిత్తూరు పాత జిల్లా. చెన్నపురి రాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937లో సేలములో నిషేధము పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించెను. ఖజానాకు కలుగు నష్టమును దాచిపెట్టలేదు. 1939లో అమ్మకపు పన్ను తెచ్చి పూడ్చుకొనజూచెను. యుద్ధకాలములో ఆ పని ఆగిపోయెను. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రమున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదము మీదనే ఒక్క ఓటు తేడాతో కూలెను. మరల 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో ఎత్తివేయబడెను. ఇన్నిమార్లు ఓడినది నిజమే. అయితే తాగువారు మొరపెట్టినందున మాత్రమే ఎత్తివేసిరా? ఖజానా అడిగినది గనుక ఎత్తివేసిరి. చట్టమును నడుపవలసిన చేయియే రాబడికి చాపిన చేయి అయినప్పుడు ఏ చట్టము నిలుచును?

మనవారిలోనే కొందరు కానా పెండ్లివిందును ఎత్తుదురు. తిమోతి కడుపునొప్పిని ఎత్తుదురు. పెండ్లియింట ఆరు బానలు నిండినవి, నిజమే. అక్కడ బిల్లు తెచ్చినవాడు లేడు, ఏ యిల్లాలి తాళిబొట్టును తాకట్టునకు పోలేదు. హబక్కూకు ప్రవక్తను గూడ చదువవలెను. ఆయన శ్రమ పలికినది తాగినవానిమీద కాదు, పొరుగువానికి పోసి ఇచ్చినవానిమీద. ఆ లెక్కన ఆదివారము ప్రసంగములో తాగుబోతును తిట్టి, లైసెన్సుదారుని చేత పండుగ చందా పుచ్చుకొను సంఘ పెద్దలు ఎవరి పక్షమున నిలిచినట్లు?

ప్రభుత్వమునకు గీత గీయుట తెలియకపోలేదు. తిరుమల కొండమీద మద్యము కూడదు; అలిపిరిలో బండ్లు సోదా చేయుదురు. 2021 విధానములో రైల్వే స్టేషను, బస్టాండు మొదలుకొని అలిపిరి వరకు యాత్రికులు పోవు మార్గమున దుకాణములు పెట్టరాదనిరి. సంతోషమే. రెండు దినములుండి పోవు యాత్రికుని కంటికి తగనిది, కొర్లగుంటలోను జీవకోనలోను పుట్టి పెరుగు బిడ్డ కంటికి తగునా? బడికిని గుడికిని వంద మీటర్ల దూరము కొలుతురు. కాపురమున్న యింటికి ఎంత దూరమో ఏ నియమమును చెప్పదు. 2025లో పర్మిట్ గదులు మరల వచ్చినవి. ఆ సెప్టెంబరు నుండి బారులు ఉదయము 10 మొదలుకొని అర్ధరాత్రి 12 వరకు. ఈ గంటలు పెంచునప్పుడు వ్యాపారులను సంప్రతించిరి. తలుపు తీయుటకై అర్ధరాత్రి మేలుకొని యుండవలసిన ఆమెను సంప్రతించలేదు.

అడుగకయే జవాబు చెప్పిన స్త్రీలు మన పొరుగు జిల్లాలోనే యుండిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. ఆ యూరి రోశమ్మ పేరు దేశమెల్ల తెలిసెను. జిల్లా జిల్లాకు పాకి, సారాయి వేలములు జరుగనీయక, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధము తెప్పించిన ఉద్యమమది. మద్యము మరల వచ్చినను ఆనాడు పోయిన ప్రభుత్వ సారాయి నేటికిని తిరిగి రాలేదు. వారు బ్రాండు అడుగలేదు, వెల తగ్గించుడి అని అడుగలేదు.

2024లో ఇచ్చిన దుకాణపు లైసెన్సుల గడువు రెండేండ్లు, 2026 సెప్టెంబరు వరకు. తరువాతి విధానము వ్రాయువారికి మనము అడుగవలసినది పెద్దది కాదు. ఏ వీధిలో దుకాణము గాని బారు గాని పెట్టదలచినను, ఆ వీధి కాపురపు స్త్రీల చేవ్రాలు ముందు తీసికొనవలెను. సగముమంది కాదన్నయెడల చీటీ వేయరాదు. చందాపుస్తకము పట్టుకొని ఇంటింటికి తిరుగుట మన సంఘములకు చక్కగా వచ్చు పనియే. ఈసారి ఆ పుస్తకములో రూపాయలకు బదులు చేవ్రాళ్లు వ్రాయించుదము.