‘అక్కడక్కడా’ అంటే ఎక్కడ?

చిత్త కార్తె నడుస్తుండగా తాండూరులో ఏ పురుగుమందుల దుకాణం ముందు నిలబడ్డా వినిపించే ప్రశ్న ఒకటే: ఇవాళ మందు కొట్టాలా, రెండు రోజులు ఆగాలా? చేతిలో ఫోన్ ఉంటుంది. అందులో వాతావరణ సూచనా ఉంటుంది. ‘జిల్లాలో అక్కడక్కడా తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు’ అని. ఆ అక్కడక్కడాలో తన చేను ఉందో లేదో రైతుకు తెలియదు. కొట్టిన గంటకే వాన పడితే మందూ కూలీ రెండూ నీళ్లపాలు. ఆగితే ఈలోగా పురుగు పూతను గూడు కట్టేస్తుంది.

జిల్లా కేంద్రమైన వికారాబాద్ నుంచి తాండూరుకు నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రెండూ ఒకే రైలు మార్గంలో ఉన్నా వాటి నేల వేరు, నీటి దారి వేరు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పున హైదరాబాద్ వైపు పోతుంది. కాగ్నా నది పడమటికి, తాండూరు మీదుగా సాగి కర్ణాటకలో భీమాను కలుస్తుంది. చివరికి రెండూ చేరేది కృష్ణలోకే, కానీ ఎంత తేడా దారిలో! గుట్టల మీద కుండపోత పడిన రోజు తాండూరు రేగళ్లలో చినుకు రాలకపోవచ్చు. ఇంత తేడా ఉన్న జిల్లాకు ఒకే రంగు పూసి, ఒకే వాక్యం రాసి పని అయిందనుకోవడం కుదరదు.

శరత్కాలంలో అసలే కుదరదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు రెండో వారానికల్లా ఇక్కడి నుంచి సెలవు తీసుకోవాలి. 2020లో సరిగ్గా ఆ వారంలోనే, అక్టోబరు 13న, తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా నడిచింది. ఆ రాత్రి హైదరాబాద్ మునిగింది. 2025లో మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి తీరం దాటి, మర్నాడు వరంగల్ ప్రాంతాన్ని ముంచెత్తింది. బతుకమ్మ వెళ్లింది, వానలూ వెళ్లినట్టే అన్న పాత లెక్కకు ఇక పూచీ లేదు.

ఈ నెలలు కందికి ప్రాణం. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని తొలకరిలో విత్తుతారు. అక్టోబరు, నవంబరుల్లో పూత. మబ్బు నాలుగు రోజులు ముసిరినా, తెల్లవారుజామున మంచు దట్టంగా దిగినా పసుపుపచ్చని పూలు చెట్టు మొదట్లో రాలి కనబడతాయి. మారుకా మచ్చల పురుగుకు ఇదే అదను. పత్తిది ఇంకో బాధ. విచ్చిన పత్తి ఏరకముందే తడిస్తే, తేమ 12 శాతం దాటిందని సీసీఐ కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. పంటల బీమా ఉందా అంటే, 2020లోనే రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. మళ్లీ చేరతామని 2024లో ప్రకటన మాత్రం వచ్చింది. నష్టానికి ఆసరా లేని చోట ముందస్తు సూచనే ఆసరా.

సాంకేతికత లేదంటే నమ్మేవారు లేరు. ఆరు కిలోమీటర్ల గడితో లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను కేంద్రం 2025 మేలో ప్రారంభించింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులోనే గ్రామ పంచాయతీ స్థాయి సూచనలంటూ పథకం ఆరంభమైంది. రాష్ట్ర ప్రణాళికా విభాగానికి వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. లెక్కలన్నీ ఉన్నాయి, అవి చేను గట్టు దాకా రావడం లేదు. ఆ పని చేయాల్సినవి కృషి విజ్ఞాన కేంద్రాల్లోని జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు. దేశవ్యాప్తంగా ఉన్న 199 విభాగాలనూ 2024లో మూసేశారు. అది తప్పు నిర్ణయం. రేపు 12 మిల్లీమీటర్లు పడుతుందని యంత్రం చెప్పగలదు. పూత దశలో ఉన్న కందికి దాని అర్థమేమిటో తెలుగులో చెప్పడానికి మనిషే కావాలి. తాండూరులో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, కంది మీద ఏళ్ల అనుభవం ఉంది. ఆ బాధ్యత దానికి అప్పగించి, సిబ్బందినీ నిధులనూ ఇవ్వాలి.

ఇది రైతుల గొడవే అనుకునే నగరవాసులు 2025 సెప్టెంబరు 26 రాత్రిని గుర్తు చేసుకోవాలి. ఎగువన కురిసిన వానకు జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది, ప్రయాణికులు లోపలే చిక్కుకున్నారు. 1908లో వేలమందిని పొట్టనబెట్టుకున్న వరద కూడా సెప్టెంబరులోనే, 28న. వికారాబాద్ గుట్టల్లోని వానమాపకం హైదరాబాద్‌కు గంటల ముందు మోగాల్సిన గంట. దాని లెక్క గంట గంటకూ బహిరంగంగా కనబడాలి.

స్వాతి కార్తె అక్టోబరు 24న ప్రవేశిస్తుంది. ఆలోగా తాండూరు, యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ మండలాల పంచాయతీ బోర్డుల మీద మండలం పేరుతో వారానికి రెండు సూచనలు కనబడేలా జిల్లా యంత్రాంగం చూడాలి. దానికి కావాల్సింది సుద్దముక్క, ఫోన్, రాసే బాధ్యత ఉన్న ఒక ఉద్యోగి.