మన ఫొటో మీద మన పేరు వేద్దాం!

జి.కొండూరు, వెలగలేరు, కవులూరు, కుంటముక్కల, చెవుటూరు ఫొటో స్టూడియోల అన్నలకు, తమ్ముళ్లకు, సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టే అందరికీ, పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే కళాకారులకు విజ్ఞప్తి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగిన రోజులు మరిచిపోలేం. వెలగలేరు రెగ్యులేటరు గేట్లు ఎత్తారు. కవులూరు దగ్గర మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం దిగింది. అప్పుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు తీసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. పేరు, ఊరు, తేదీ లేకుండా వదిలిన ఫొటోను ఎవరైనా ఇంకో ఊరి వరద అని చూపించగలరు. ఎక్కడిదో పాత ఫొటో తెచ్చి మన ఊరిదేననీ నమ్మించగలరు. రేపు మునిగిన పొలం చూపించి నష్టపరిహారం అడగాల్సిన రైతుకు అలాంటి ఫొటో ఏం సాక్ష్యం చెబుతుంది?

తేదీ ఫైల్లోనే ఉంటుంది కదా అనుకోవద్దు. కెమెరా రాసుకున్న తేదీ, సమయం ఫైల్లో ఉండే మాట నిజమే. కానీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితేనే నిలుస్తాయి. అందుకే కంటికి కనిపించేలా ఫొటో మీదే రాయాలి. నోటును వెలుతురుకు ఎత్తితే గాంధీగారు కనిపించినట్టు, ఫొటోలో మన పేరు పల్చగా కనిపించాలి. దాన్నే వాటర్‌మార్కు అంటున్నాం.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు కంప్యూటర్లో వేసుకోండి. వెనక రంగు లేని ఖాళీ బొమ్మ తెరిచి, మండలి, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంటుతో మీ పేరు, ఊరు రాసి పీఎన్‌జీగా దాచుకోండి. మీ ముద్ర తయారైనట్టే. ఆ ముద్రను పొర మీద పొరగా ఫొటో మీద పెట్టి, చిక్కదనం మూడో వంతుకు తగ్గించండి. పెళ్లిలో వందల ఫొటోలుంటే ఒక్కొక్కటీ చెయ్యనక్కర్లేదు. డిజికామ్ కూడా ఉచితమే, అది మొత్తం ఫోల్డరుకు ఒకేసారి ముద్ర వేస్తుంది. ఇర్ఫాన్‌వ్యూ కూడా ఈ పని చక్కగా చేస్తుంది. అయితే అది ఇంట్లో వాడుకోవడానికే ఉచితం, స్టూడియోలో వాడాలంటే లైసెన్సు కొనాలి. మన పనికి విలువ ఇమ్మని అడిగేవాళ్లం, సాఫ్ట్‌వేరు రాసినవాళ్ల పనికీ విలువ ఇద్దాం.

ముద్ర ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం ఆలోచించి చెయ్యండి. మూలలో వేస్తే కత్తిరించేస్తారు. ముఖం మీద వేస్తే ఫొటో పాడవుతుంది. చీర అంచు, చెట్ల ఆకులు, నీటి అలలు, ఇలా గీతలు నిండుగా ఉన్న చోట వేస్తే తుడవడం కష్టం. ఒకే ముద్ర అన్ని ఫొటోల్లో అచ్చంగా ఒకేలా ఉంటే కంప్యూటరు దాన్ని లెక్కగట్టి తీసేయగలదని 2017లో గూగుల్ పరిశోధకులు చూపించారు. ఫొటో ఫొటోకీ ముద్ర ఆకారాన్ని కాస్త వంచితే ఆ పని చెడుతుందనీ వాళ్లే చెప్పారు. ఎంత చేసినా తుడిచేవాడు తుడుస్తాడు. కాబట్టి ముద్ర లేని అసలు ఫైలును పూర్తి సైజులో భద్రంగా దాచుకోండి, బయటికి చిన్న సైజు కాపీనే పంపండి. తగాదా వస్తే అసలు ఫైలు చూపించేవాడి మాటే నిలుస్తుంది.

చట్టం కూడా మన వైపు ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65బి సెక్షను ప్రకారం, హక్కుదారు పేరు లాంటి వివరాలను అనుమతి లేకుండా, తెలిసి తొలగిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బు తీసుకుని తీసిన పెళ్లి ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. హక్కు ఎవరిదన్న షరతును బుకింగు రసీదు మీదే రాసుకోండి. ఇంటి ఆడపిల్లల ఫొటోలు వాళ్లు ఒప్పుకోకుండా ప్రచారానికి పెట్టకండి. ముద్ర వేసినంత మాత్రాన ఆ తప్పు ఒప్పు కాదు.

బొమ్మలు చేసే అన్నలారా, మీ దశావతారాలను, ఏనుగు అంబారీని ఫోనులో తీసి బేరానికి పంపేముందు మీ పేరు, కొండపల్లి అన్న ఊరి పేరు దాని మీద ఉండాలి. ఆ ఫొటో పెట్టి వేరే సరుకు అమ్మేవాడికి ఆ పేరే అడ్డం.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినం. ఈసారి ఆ రోజు నాటికి మన మండలం నుంచి పేరు లేని ఫొటో ఒక్కటీ బయటికి పోకూడదు. ఇవాళే ముద్ర తయారు చేసుకోండి. చేసుకోవడం రానివాళ్లు పెన్‌డ్రైవు పట్టుకుని మీ ఊరి స్టూడియోకి వెళ్లండి. స్టూడియో అన్నలూ, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నేర్పండి, రూపాయి అడగొద్దు.

ఇట్లు,
జి.కొండూరు మండల ఫొటోగ్రాఫర్లు